కరెంటు ఎక్కడ ఆగింది? ఆన్ అవ్వని డెస్క్‌టాప్‌ని పరీక్షించే పద్ధతి
(కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద మూత తీసిన క్యాబినెట్ ఒకటి ఉంది. పక్కన మల్టీమీటర్, జెమ్ క్లిప్, స్టార్ స్క్రూడ్రైవర్, మదర్‌బోర్డుకి తగిలించే చిన్న బీప్ స్పీకరు ఉన్నాయి. ఇవాళ్టి పనికి ఇంతకు మించి అక్కర్లేదు. మీటరులో అంకెలు కనబడనివాళ్ళు ముందుకొచ్చి నిలబడండి, పర్వాలేదు.

షాపుకి వచ్చినవాళ్ళు చెప్పేది ఒకటే మాట: "సీపీయూ ఆన్ అవ్వట్లేదండీ." మనవైపు క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు. కానీ ఆ ఒక్క మాట వెనక వేరు వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాను ఒక్కసారి కదిలి టక్కున ఆగిపోవడం ఇంకొకటి. నాలుగైదు సెకన్లు నడిచి ఆరిపోవడం వేరు. ఫ్యాన్లన్నీ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోవడం వేరు. పొద్దున్నే పదిసార్లు నొక్కితే గానీ లేవకపోవడం మరొకటి. వీటిలో ఏ రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు అడగండి: "నొక్కగానే ఏం జరుగుతోందండీ? ఎంతసేపటికి ఆగిపోతోంది? దీనికి ముందు ఏమైంది? పిడుగు పడిందా, కరెంటు వచ్చి పోయిందా, ఇల్లు మారారా, ర్యామ్ ఏమైనా వేయించారా?" ఈ జవాబులతోనే సగం దారి తెలిసిపోతుంది.

నేను ఇవాళ గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. "బోర్డు పోయింది" అన్నది అన్నీ చూశాక ఆఖరున చెప్పాల్సిన మాట. మనం దాన్ని మొట్టమొదట చెప్పేస్తున్నాం. నెట్ సెంటర్ నడుపుకునే మనిషి బటన్ వైరు లోపానికి కొత్త బోర్డు కొనుక్కుని వెళ్తున్నాడు. ఇది జరక్కూడదు. గోడలో ప్లగ్ నుంచి ప్రాసెసర్ దాకా కరెంటుకి ఒక దారి ఉంది, ఆ దారిలో గుమ్మాలున్నాయి. ఏ గుమ్మం దగ్గర ఆగిందో మీటరు పెట్టి చూసుకుంటూ పోవడమే మన పని.

మొదటి గుమ్మం గోడ. దీన్ని టెస్టరుతో చూసి వదిలేయకండి. టెస్టరు ఫేజు ఉంటే చాలు వెలుగుతుంది. న్యూట్రల్ తెగిపోయినా వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరు మాత్రం లేవదు. మీటరుని ఏసీ 750 మీద పెట్టి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూడండి, 230 దగ్గర రావాలి. తర్వాత ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి, అక్కడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య నాలుగైదు వోల్టులు మించకపోతే మంచిది.

తర్వాత యూపీఎస్. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 600 వీఏ రకం, లోపల 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అది రెండు మూడేళ్ళకి దిగిపోతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు గోడలో కరెంటు ఉన్నా లేవవు. కాబట్టి యూపీఎస్‌నీ ఎక్స్‌టెన్షన్ బాక్సునీ పక్కన పెట్టి పవర్ కార్డుని నేరుగా గోడకి గుచ్చండి. గోడ కరెంటుని బోర్డుకి కావలసిన డీసీగా మార్చే పెట్టెని ఎస్ఎంపీఎస్ అంటాం. దాని వెనకున్న చిన్న స్విచ్ నిలువు గీత వైపు నొక్కి ఉండాలి. సున్నా వైపు ఉంటే ఆఫ్. ఇల్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అవుతూ ఉంటుంది. చవక ఎస్ఎంపీఎస్‌లకి 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఇంకొకటి ఉంటుంది. అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే ఢామ్మని పేలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్లగ్ పెట్టి స్విచ్ వేసి ఉంచాను, బటన్ నొక్కలేదు. కంప్యూటరు ఆఫ్‌లో ఉన్నట్టు కనిపిస్తోంది కదా? కానీ లోపల ఒక చిన్న సరఫరా ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై 5 వోల్టులంటాం. ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల కనెక్టరులో 9వ పిన్ను, ఊదా రంగు వైరు. బటన్ నొక్కారని గుర్తుపట్టే చిప్పు ఈ కరెంటు మీదే బతుకుతుంది. ఇది లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినే నాథుడుండడు.

చూడండి. మీటరు డీసీ 20 మీద పెట్టాను. నల్ల ప్రోబు క్యాబినెట్ ఇనుముకి ఆనించాను, రంగు లేని చోట. ఎర్ర ప్రోబుని కనెక్టరు వెనక వైపు నుంచి, ఊదా వైరు దూరిన రంధ్రంలోకి నెమ్మదిగా దించుతున్నాను. లోహం తగలాలి, పక్క పిన్నుకి జారకూడదు. అదిగో, 5.06. మన సరఫరా మేలుకుని ఉంది. 4.75కీ 5.25కీ మధ్య ఎంత వచ్చినా సరే.

ఇక్కడ సున్నా వచ్చిందనుకోండి, లేదా రెండు మూడు వోల్టులకి కుంగిపోయిందనుకోండి. అప్పుడు ఎస్ఎంపీఎస్ పోయిందని తీర్పు ఇచ్చేయకూడదు. ప్లగ్ తీసి, బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టరు ఊడదీసి, మళ్ళీ ప్లగ్ పెట్టి అదే వైరు చూడండి. బోర్డు వదలగానే 5 వోల్టులకి లేచిందా? అయితే బోర్డు వైపు ఏదో దాన్ని కిందికి లాగేస్తోంది. మొదట అనుమానించాల్సింది ముందు వైపు యూఎస్‌బీ పోర్టుల్ని. పెన్‌డ్రైవులు మోటుగా గుచ్చీ గుచ్చీ లోపలి పిన్నులు వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. ఆ పోర్టుల వైరు బోర్డు మీంచి పీకి చూడండి. బోర్డు వదిలినా 5 రాకపోతే అప్పుడు ఎస్ఎంపీఎస్సే పోయినట్టు.

రెండో వైరు ఆకుపచ్చది, 16వ పిన్ను. దీనిది సైగ చేసే పని. ఊరికే ఉన్నప్పుడు దీని మీద దాదాపు 5 వోల్టులు నిలబడి ఉంటాయి. బటన్ నొక్కగానే బోర్డు దీన్ని సున్నాకి లాగుతుంది. "లే" అని ఎస్ఎంపీఎస్‌కి చెప్పడం అన్నమాట. ప్రోబు పెట్టి బటన్ నొక్కుతున్నాను. 4.9 ఉన్నది 0.1 అయింది, ఫ్యాన్లు తిరిగాయి.

ఇది పడకపోతే సైగ వెళ్ళట్లేదని అర్థం. బటన్ నుంచి వచ్చే రెండు వైర్ల ముక్క బోర్డు అంచున తొమ్మిది పిన్నుల గుంపులో ఉంటుంది. ఎక్కువ బోర్డుల్లో పవర్ స్విచ్‌వి 6, 8 పిన్నులు, రీసెట్‌వి 5, 7. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఆ ముక్క ఊడదీసి, 6, 8 పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. లేచిందా? బోర్డు బంగారంలా ఉంది, క్యాబినెట్ బటన్ పోయింది. కొత్త బటన్ దొరికేదాకా రీసెట్ వైరుని పవర్ పిన్నులకి తగిలించి పంపించేయండి. రీసెట్ బటనే పవర్ బటన్‌గా పనిచేస్తుంది. ఖర్చు సున్నా.

ఆకుపచ్చ వైరు సున్నాకి పడుతోంది కానీ ఏమీ లేవడం లేదంటే, బోర్డు చెప్పింది, ఎస్ఎంపీఎస్ వినలేదు. అప్పుడే జెమ్ క్లిప్ పరీక్ష. ప్లగ్ పూర్తిగా తీసేయండి. 24 పిన్నులది, ప్రాసెసర్‌ది, గ్రాఫిక్స్ కార్డుది, అన్ని వైర్లూ బోర్డు నుంచి ఊడదీయండి. జెమ్ క్లిప్ వంచి ఆకుపచ్చ రంధ్రాన్నీ పక్కనున్న నల్ల రంధ్రాన్నీ కలపండి. భారం (లోడు) కోసం పాత హార్డ్ డిస్కో క్యాబినెట్ ఫ్యానో తగిలించండి. ఆ తర్వాతే ప్లగ్. క్లిప్ పెట్టేటప్పుడు ప్లగ్ ఉండకూడదు, ఈ వరస మార్చకండి. లేచాక పసుపు వైరులో 11.40 నుంచి 12.60, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 రావాలి. ఒక జాగ్రత్త: కొన్ని ఖరీదైన ఎస్ఎంపీఎస్‌ల ఫ్యాను వేడెక్కేదాకా తిరగదు. ఫ్యాను తిరగలేదని పారేయకండి, మీటరు ఏం చెబుతోందో చూడండి. ఇంకొకటి: భారం లేనప్పుడు అంకెలు బాగున్నంత మాత్రాన పూర్తి భారం మోస్తుందన్న హామీ లేదు. క్లిప్ పరీక్షలో ఓడితే పోయినట్టే. గెలిస్తే ఇంకా తేలలేదనే అనుకోవాలి.

ఈ రంగుల లెక్క ఏటీఎక్స్ అనే మామూలు ప్రామాణిక రకం సరఫరాలకి మాత్రమే. డెల్, హెచ్‌పీ, లెనోవో బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి కనెక్టరే వేరు. ఆరు, ఎనిమిది, పది పిన్నులవి వస్తాయి. రంగు చూసి క్లిప్ గుచ్చకండి. డెల్ వాటిలో చాలా ఎస్ఎంపీఎస్‌ల వెనక చిన్న పరీక్ష బటన్ ఉంటుంది. నొక్కితే పక్కన పచ్చ లైటు వెలగాలి. కొత్త మాడ్యులర్ సరఫరాల్లో, అంటే కేబుళ్ళు విడిగా ఊడదీయగలిగే వాటిలో, ఎక్కువగా వైర్లన్నీ నల్లగానే ఉంటాయి, అక్కడ పుస్తకంలోని బొమ్మ చూసి పిన్నులు లెక్కపెట్టుకోవాలి. ఒక కంపెనీ మాడ్యులర్ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి ఎప్పుడూ పెట్టకండి. మూతి ఒకేలా ఉంటుంది, లోపల వరస వేరుగా ఉంటుంది. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చి హార్డ్ డిస్కు క్షణంలో కాలిపోతుంది. అందులో ఉన్న డేటాకి మనం జవాబు చెప్పుకోలేం.

మూడో వైరు బూడిద రంగుది, 8వ పిన్ను. దీన్ని చాలామంది పట్టించుకోరు. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్లలోపు ఎస్ఎంపీఎస్ ఈ వైరు మీద 5 వోల్టులు పెట్టి "నేను సిద్ధం" అని చెబుతుంది. అది అందేదాకా బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు. బూడిద వైరు సున్నాలోనే ఉండిపోతే ఫ్యాన్లు బ్రహ్మాండంగా తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. "ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది" అన్న మాట అందుకే తప్పు. ఊదా, ఆకుపచ్చ, బూడిద: ఈ మూడు వైర్లు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇప్పుడు లేచి ఆగిపోయేవి. ఇక్కడ గడియారం మనకి సాక్ష్యం. నొక్కిన అర సెకనులోనే ఆగిపోతే ఎక్కడో షార్టు ఉంది, ఎస్ఎంపీఎస్ తనని తాను కాపాడుకుంటోంది. ప్రతిసారీ సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆగిపోతే పవర్ బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉంటుంది. బటన్‌ని నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటరు బలవంతంగా ఆగాలన్నది బోర్డులో ఉన్న నియమం. ఇరుక్కున్న బటన్‌కి అదే జరుగుతోంది. బటన్ వైరు ఊడదీసి స్క్రూడ్రైవర్‌తో లేపితే తేలిపోతుంది. అర నిమిషమో నిమిషమో నడిచి ఆగిపోతే ప్రాసెసర్ మీది కూలర్ వదులైందేమో, దాని ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి.

షార్టు వెతకడం ఇలా. ప్లగ్ తీసి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి మిగిలిన చార్జి ఖాళీ చేయండి. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, యూఎస్‌బీ వైర్లు అన్నీ తీసేయండి. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచండి. అయినా ఆగిపోతోందంటే బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి లేపండి. బయట లేచి లోపల లేవకపోతే, బోర్డు కింద అవసరం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి నిలబెట్టే చిన్న కాలు) ఒకటి ఉండి వెనక టంకాలకి తగులుతోంది. లేదా ఒక స్క్రూ జారి పడి ఉంది.

అట్టపెట్టె మీద కూడా లేవకపోతే ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల సాకెట్ చూడాలి. ప్లగ్ లేకుండా, వైర్లన్నీ తీసేసి, మీటరు బీప్ మోడ్‌లో పెట్టి, ఆ సాకెట్‌లో పసుపు వైరు వచ్చే పిన్నుకీ నల్ల వైరు వచ్చే పిన్నుకీ మధ్య చూడండి. గట్టిగా బీప్ కొడితే, ప్రాసెసర్ కోసం వోల్టేజీ దించే మాస్‌ఫెట్ అనే స్విచ్ చిప్పు ఒకటి షార్టు అయింది. ఈ మాట బాగా గుర్తుంచుకోండి: ఇలాంటి బోర్డు మీద పరీక్ష కోసమని మంచి ప్రాసెసర్ పెట్టకండి. షార్టు అయిన మాస్‌ఫెట్ గుండా 12 వోల్టులు తిన్నగా, ఒక వోల్టుతో నడిచే ప్రాసెసర్‌లోకి పోతాయి. ఒకటి పోయినదానికి రెండోది కూడా పోతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ప్రాసెసర్ చుట్టూ ఉన్న చోకుల (తీగచుట్టల) మీద మీటరు పెట్టి, బీప్ వచ్చిందని షార్టు అంటారు. ప్రాసెసర్ కూర్చుని ఉన్నప్పుడు అక్కడ నిరోధం చాలా తక్కువగానే ఉంటుంది, అది జబ్బు కాదు. 12 వోల్టుల వైపు బీప్ కొడితేనే జబ్బు.

ఒక ప్రశ్న వచ్చింది: "క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది సార్, ఎస్ఎంపీఎస్ పాడైందా?" మంచి ప్రశ్న. చాలాసార్లు ఎస్ఎంపీఎస్ తప్పేమీ ఉండదు, ఎర్త్ లేదు. ఎస్ఎంపీఎస్ ముఖద్వారంలో రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్త్ తగిలి ఉంటే వాటిగుండా కారే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కారేది మిల్లీఆంపియరు కంటే తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆ స్థితిలో మానిటరు హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం చేయించకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించమనండి.

కరెంటు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి వీధి మొత్తానికి వోల్టేజీ 300, 400 దాకా ఎగబాకినప్పుడు ఎస్ఎంపీఎస్‌లో వేరిస్టరు (ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే భాగం) పగిలి ఫ్యూజు ఎగిరిపోతుంది. అలాంటప్పుడు ఫ్యూజు ఒక్కటే మార్చి పెడితే మళ్ళీ ఎగురుతుంది, ఎందుకంటే చాలాసార్లు లోపల ఏసీని డీసీ చేసే బ్రిడ్జో మాస్‌ఫెట్టో కూడా షార్టు అయి ఉంటుంది. ఎస్ఎంపీఎస్ పెట్టె తెరవడం నేర్చుకోనివాళ్ళు తెరవకండి. లోపలి పెద్ద కెపాసిటరులో 325 వోల్టులు, పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్) ఉన్నవాటిలో 380 నుంచి 400 దాకా ఉంటాయి. ప్లగ్ తీశాక కూడా కాసేపు అలాగే నిలిచి ఉంటాయి. ప్రాణం పోతుంది.

ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రానిదానికి వద్దాం. ముందు మానిటరు వైరు ఎక్కడుందో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కార్డుకే గుచ్చాలి. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకి, ఉదాహరణకి 12400ఎఫ్‌కి, లోపల గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు హెచ్‌డీఎంఐకి గుచ్చితే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు. తర్వాత ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల వైరు పెట్టారా లేదా చూడండి. కొత్తగా బిగించినవాటిలో మరిచిపోయేది ఎక్కువగా అదే.

ఆ తర్వాత ర్యామ్. ఇక్కడ ఈ చిన్న స్పీకరు వైద్యుడి స్టెతస్కోపు లాంటిది. ర్యామ్‌లన్నీ తీసేసి లేపుతున్నాను, వినండి. కూ... కూ... కూ... ర్యామ్ లేదని బోర్డు అరుస్తోంది. అలా అరవాలంటే ప్రాసెసర్ నడవాలి, బయాస్‌ని (బోర్డులో ఉండే మొట్టమొదటి ప్రోగ్రామ్‌ని) చదవాలి. అంటే ఆ రెండూ బతికే ఉన్నాయని ఒక్క దెబ్బతో తేలింది. ర్యామ్ లేకుండా కూడా మౌనంగా ఉంటే ప్రాసెసర్, బయాస్, బోర్డు వైపు చూడాలి. కొత్త బోర్డుల్లో స్పీకరు బదులు సీపీయూ, డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి, ఏది వెలుగుతూ ఉండిపోతే అక్కడ ఆగింది.

ర్యామ్ అంచు పసిడి గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపి, రెండు చివరలా టక్ మనేదాకా నొక్కండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ ఒక్క పనితో లేచేవి బోలెడు. ఒకే ర్యామ్ పెట్టేటప్పుడు నాలుగు స్లాట్ల బోర్డులో ఎక్కువగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్ సరైనది. డీడీఆర్5 వాటిలో ర్యామ్ మార్చిన మొదటిసారి బోర్డు కొలతలు చూసుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటుంది. కంగారుపడి ప్లగ్ పీకకండి, పది నిమిషాలు ఓపిక పట్టండి.

బోర్డు సెట్టింగుల్ని నిలిపి ఉంచే సీమాస్ సెల్లు కూడా చూడండి. సీఆర్2032, 3 వోల్టులది. 2.7 కంటే దిగితే మార్చేయండి. కొన్ని పాత బోర్డులు సెల్లు చస్తే డిస్‌ప్లే ఇవ్వవు. సెల్లు తీసి అయిదు నిమిషాలు ఆగి, ప్లగ్ లేకుండానే మళ్ళీ పెడితే తప్పుగా మార్చిన సెట్టింగులు కూడా పోతాయి. రీసెట్ బటన్ ఇరుక్కున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, ఆ వైరు కూడా ఒకసారి పీకి చూడండి.

ఇక పొద్దున్నే మొరాయించి, ఒకసారి లేచాక రాత్రిదాకా బాగా నడిచేవి. ఇది వయసైన కెపాసిటర్ల లక్షణం. చల్లగా ఉన్నప్పుడు వాటి లోపలి నిరోధం (ఈఎస్ఆర్) ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. బోర్డు మీద కెపాసిటర్ల తలలు వేలితో తడిమి చూడండి, చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా మార్చాలి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, 105 డిగ్రీల తక్కువ ఈఎస్ఆర్ రకం వేయాలి. కెపాసిటరు ఒంటి మీద పట్టీ ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీద అన్నీ చదునుగా ఉంటే లోపం ఎస్ఎంపీఎస్‌లో ఉండొచ్చు. తెలిసిన మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి, రాత్రంతా ఆపి, మర్నాడు పొద్దున్న లేపి చూడండి. అప్పటికప్పుడు వేడి మీద లేపి బాగైందనుకుంటే రెండో రోజే వెనక్కి వస్తుంది.

ఇది కాక పక్కన ఇంకో మూడు క్యాబినెట్లున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో లోపం పెట్టి ఉంచాను. ఇద్దరిద్దరు చొప్పున రండి. మొదట ఊదా వైరు చూసి, అంకె కాగితం మీద రాసుకోండి.